పాత జీపు, పికప్‌ను మళ్లీ రోడ్డెక్కిస్తున్నారా? రంగు కంటే ముందు చూడాల్సింది ఆర్సీ!

కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి వెళ్లే దారిలో ఏ ఊళ్లోకి తిరిగినా, ఏదో ఒక ఇంటి వెనక రేకుల షెడ్డులో ఓ పాత బండి కనిపించడం మామూలే. గాలి పోయిన టైర్లు, బానెట్ మీద ఎండుగడ్డి, సీటు స్పంజిలో ఎలుకల గూడు. ఒకప్పుడు అదే బండి మార్కెట్‌కు మక్కల బస్తాలు, బెల్లం దిమ్మెలు మోసింది. పెళ్లికి చుట్టాలను తీసుకొచ్చింది. తాత కొన్న బండి అని ఎవరూ అమ్మరు, అలాగని రిపేరూ చేయించరు.

ఇప్పుడు సీన్ మారింది. 2020లో కొత్త థార్ వచ్చాక జీపు మోజు మళ్లీ మొదలైంది. రీల్స్‌లో పెద్ద టైర్లు, మ్యాట్ రంగు, ఎల్ఈడీ లైట్ల జీపులు చూసి "మన బండిని కూడా అట్ల చేపిద్దాం బాపూ" అంటున్నారు మనవళ్లు, కొడుకులు. బండి షెడ్డు నుంచి మెకానిక్ దగ్గరికి, అక్కడి నుంచి టింకరింగ్‌కు, పెయింటర్‌కు వెళ్తుంది. నెలలు గడిచాక తళతళలాడుతూ బయటకు వస్తుంది. తీరా రెన్యువల్‌కు వెళ్లాక ఆర్టీఏ ఆఫీసులో ఆగిపోతుంది. ఆర్సీలో పెట్రోల్ అని ఉంటే బండిలో డీజిల్ ఇంజిన్. ఆర్సీలో గూడ్స్ అని ఉంటే వెనక బెంచీలు. ఛాసిస్ నంబర్ మీద లప్పం, దాని మీద మూడు కోట్ల రంగు!

ఇంతకీ చేయించుకోవచ్చా, చేయించుకోకూడదా? ఎక్కడి వరకు రిపేరు, ఎక్కడి నుంచి నేరం?

ఈ బండ్లు ఎక్కడివి?

మన దగ్గర షెడ్డుల్లో ఉన్నవాటిలో ఎక్కువ భాగం మహీంద్రావే. ఆ కంపెనీ 1947 నుంచి అమెరికా విల్లీస్ జీపులను ఇక్కడ బిగించి అమ్మడం మొదలుపెట్టింది. తర్వాత సీజే-3బీ, ఎంఎం 540, కమాండర్, మార్షల్, పికప్‌లు వచ్చాయి. కమాండర్ జీపు గురించి తెలంగాణ పల్లెలకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. బస్సు రాని ఊరికి అదే బస్సు. టాటా 1988లో తెచ్చిన టాటామొబైల్ 206, దాని తర్వాతి 207 కూడా ఈ వరుసలోవే. 2005లో టాటా ఏస్ వచ్చేదాకా చిన్న సరుకు రవాణాలో వీటిదే హవా.

పక్క జిల్లాకు కూడా ఇందులో వాటా ఉంది. ఫ్రిజ్‌లు, వాచీలు, బస్సు బాడీలు చేసిన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ 1980ల్లో జపాన్ నిస్సాన్ సాయంతో జహీరాబాద్‌లో చిన్న ట్రక్కుల తయారీకి దిగింది. అలా వచ్చిందే ఆల్విన్ నిస్సాన్ క్యాబ్‌స్టార్. ఆ తర్వాత ఆ ప్లాంట్ మహీంద్రా చేతికి వెళ్లింది. ఇప్పుడు అక్కడ ట్రాక్టర్లు కూడా తయారవుతున్నాయి. ఎవరి షెడ్డులోనైనా ఆల్విన్ నిస్సాన్ పేరుతో ఓ బండి మిగిలి ఉంటే అది మన దగ్గర పుట్టిన బండే. దాన్ని పాత ఇనుము రేటుకు తూకం వేసే ముందు ఒక్కసారి ఆలోచించొచ్చు.

రిస్టొరేషన్ వేరు, మాడిఫికేషన్ వేరు

చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. చట్టం అలా అనుకోదు. బండి ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో మళ్లీ అలా చేయడం రిస్టొరేషన్. అరిగిన పిస్టన్ రింగులు మార్చడం, తుప్పు పట్టిన ఫ్లోర్ కోసి అదే కొలతతో కొత్త రేకు వేయడం, కమాన్ కట్టలు సరిచేయడం, వైరింగ్ కొత్తగా వేయడం... వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇవన్నీ రిపేర్లే.

మాడిఫికేషన్ దగ్గరే చిక్కు. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. మార్పు అంటే ఏంటో కూడా అదే సెక్షన్ చెప్పింది. నిర్మాణంలో చేసిన మార్పు వల్ల బండి మౌలిక లక్షణం మారిపోతే అది ఆల్టరేషన్.

2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీన్ని మరింత గట్టి చేసింది. కేరళకు చెందిన ఆ కేసులో జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్ బెంచ్, తయారీదారు స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా మార్చిన బండిని రిజిస్టర్ చేయడం కుదరదని తేల్చి చెప్పింది. రాష్ట్రాల రూల్స్ కూడా ఈ సెక్షన్‌కు లోబడే ఉండాలంది. అదే ఏడాది వచ్చిన చట్ట సవరణతో శిక్ష కూడా చేరింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదంటే 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. 'ఒక్కో మార్పుకు' అన్న మాట గమనించండి. బండిలో నాలుగు మార్పులుంటే లెక్క నాలుగు సార్లు.

మినహాయింపులు లేవా అంటే ఉన్నాయి. ఆమోదం పొందిన కిట్‌తో సీఎన్‌జీకో, ఎల్పీజీకో, బ్యాటరీకో మార్చుకోవచ్చు. దివ్యాంగుల కోసం బండిని అనువుగా మార్చుకునే వెసులుబాటు ఉంది. రంగు మార్చుకోవచ్చు, కానీ ఆర్సీలో రంగు కూడా ఒక వివరమే కాబట్టి అక్కడా మార్పించాలి. ఇంజిన్ మారిస్తే 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. ఇదే చాలామంది చేయని పని.

ముందు కాగితాలు... ఆ తర్వాతే స్పానర్

బండిని మెకానిక్ దగ్గరికి తోలే ముందు ఇంట్లో బీరువా తెరవాలి. ఆర్సీ ఎవరి పేరు మీద ఉంది? తాత పేరు మీద ఉండి తాత లేకపోతే ముందు వారసుల పేరుకు మార్పిడి జరగాలి. ఎప్పుడో తీసుకున్న ఫైనాన్స్ ఎంట్రీ ఇంకా ఆర్సీలో ఉందా? అప్పు తీరి 20 ఏళ్లయినా ఫారం 35 పెట్టి తీయించకపోతే ఆ ఎంట్రీ అలాగే ఉంటుంది. ఆ ఫైనాన్స్ కంపెనీ ఇప్పుడు మూతపడి ఉంటే ఆ తిప్పలు వేరే.

రెండోది, నంబరు. పాత బండ్లలో చాలావాటికి ఉమ్మడి నిజామాబాద్ జిల్లా ఏపీ 25 సిరీస్ ఉంటుంది. కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాక టీఎస్ 17 వచ్చింది. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వస్తోంది. పాత నంబరు ఉన్నంత మాత్రాన బండి చెల్లనిది కాదు. రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. బాగా పాత ఆర్సీ బుక్కుల వివరాలు ఆన్‌లైన్‌లో కనిపించకపోతే, పైసా ఖర్చు పెట్టకముందే ఆఫీసుకు వెళ్లి రికార్డు వెతికించుకోవాలి. రికార్డే దొరకని బండి మీద ఎంత పోసినా అది షెడ్డు ముందు బొమ్మే!

మూడోది, గడువు. ప్రైవేటు బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 2022 ఏప్రిల్ నుంచి కార్లు, జీపుల రెన్యువల్ ఫీజు 600 నుంచి 5 వేలకు పెరిగింది. 2025 ఆగస్టులో కేంద్రం మళ్లీ రూల్స్ మార్చి, 20 ఏళ్లు దాటిన వాటికి 10 వేలు చేసింది. ఆలస్యమైతే అదనపు రుసుము, పాత ట్యాక్స్ బకాయిలు వేరే. గూడ్స్ కింద రిజిస్టర్ అయిన పికప్‌కు లెక్క ఇంకోలా ఉంటుంది. 8 ఏళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ చేయించాల్సిందే.

ఢిల్లీలో 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలని వార్తల్లో చూసి ఇక్కడా అదే రూల్ అనుకునేవాళ్లున్నారు. అది ఢిల్లీ ప్రాంతానికి సంబంధించినది. తెలంగాణలో ఫిట్‌నెస్ ఉన్న పాత డీజిల్ బండిని వయసు చూపించి ఆపేసే నిషేధం లేదు.

బయటి నుంచి కొంటున్నారా?

ఇంట్లో బండి లేనివాళ్లు బయట కొంటున్నారు. హర్యానాలోని మండీ డబ్వాలీ పాత జీపులను కొత్తగా తయారు చేసి అమ్మడంలో దేశమంతా పేరున్న ఊరు. ఫోన్‌లో ఫోటో చూసి అడ్వాన్స్ కొట్టేస్తున్నారు. అక్కడి నుంచి వచ్చే బండికి ఎన్‌ఓసీ ఉందా, ఆర్సీలోని ఇంజిన్ నంబరే ఇంజిన్ మీద ఉందా అన్నది చూసుకోకపోతే తర్వాత ఎవరినీ అడగలేం. ఛాసిస్ నంబర్ చుట్టూ గ్రైండింగ్ గీతలు, వెల్డింగ్ మచ్చ కనిపిస్తే ధర ఎంత తక్కువైనా వెనక్కి తిరగడమే మంచిది.

స్థానికంగా కొనేవాళ్లు ఇంకొకటి చూడాలి. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డిని వరద ముంచెత్తింది. కాలనీల్లో కార్లు కొట్టుకుపోయిన దృశ్యాలు అందరూ చూశారు. నీళ్లలో నానిన బండి తర్వాత ఎక్కడో ఓ చోట అమ్మకానికి వస్తుంది. ఛాసిస్ లోపలి పొరల్లో ఒండ్రు మట్టి, హెడ్‌లైట్ లోపల నీటి గీత, గేర్ ఆయిల్ తీస్తే పాల టీ రంగు... ఇవి కనిపిస్తే అది మునిగిన బండే.

ఛాసిస్‌తోనే అసలు కథ

పాత జీపు, పికప్‌లకు కింద నిచ్చెన లాంటి ఛాసిస్ ఉంటుంది. బాడీ దాని మీద కూర్చుంటుంది. బాడీ ఎంత పాడైనా కొత్తది కొట్టించొచ్చు. ఛాసిస్ పోతే బండి పోయినట్టే, ఎందుకంటే నంబరు దాని మీదే ఉంది.

అందుకే ముందు బాడీ లేపి ఛాసిస్ చూడాలి. చిన్న సుత్తితో కొట్టుకుంటూ పోతే గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తుప్పు తిన్నచోట చప్పుడు మొద్దుగా వస్తుంది. కమాన్ కట్టలు తగిలించే బ్రాకెట్లు, అడ్డ కమ్మీల అతుకులు, బాడీ బోల్టుల కింద భాగం... తుప్పు దాక్కునేది ఇక్కడే. తర్వాత టేపు పట్టుకుని ఛాసిస్ ముందు ఎడమ మూల నుంచి వెనక కుడి మూలకు, ముందు కుడి నుంచి వెనక ఎడమకు కొలవాలి. రెండు కొలతలూ ఒకటే రావాలి. తేడా ఉంటే ఎప్పుడో ఎక్కడో గుద్దుకుని వంగిందని అర్థం. అలాంటి బండి స్టీరింగ్ వదిలితే ఓ పక్కకు లాగుతూనే ఉంటుంది. అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా లాభం ఉండదు.

ఇంజిన్... ఏళ్ల తర్వాత తాళం తిప్పే ముందు

చాలా ఇంజిన్లు చెడేది షెడ్డులో ఉన్నన్నాళ్లు కాదు, బయటకు తీసిన మొదటి రోజే. కొత్త బ్యాటరీ పెట్టి, స్టార్ట్ అవుతుందో లేదో చూద్దామని సెల్ఫ్ కొడతారు. లోపల ఆయిల్ అంతా కిందికి జారిపోయి సిలిండర్ గోడలు పొడిగా ఉంటాయి. కాస్త తుప్పు కూడా పట్టి ఉంటుంది. రింగులు ఆ గోడలను గీసేస్తాయి.

చేయాల్సింది ఇదీ. ట్యాంకులో పాత డీజిల్ మొత్తం తీసేయాలి. అడుగున నీళ్లు, తుప్పు మడ్డి ఉంటాయి. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు మార్చాలి. నాజిల్స్ విప్పి ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి ఒకరోజు వదిలేయాలి. తర్వాత చేత్తో ఇంజిన్‌ను తిప్పి, ఫ్రీగా తిరిగితేనే సెల్ఫ్ జోలికి వెళ్లాలి. రబ్బరు పైపులు పైకి బాగున్నట్టు కనిపించినా అన్నీ మార్చేయడమే.

స్టార్ట్ అయ్యాక పొగ చూడాలి. నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. పంపు, నాజిల్స్ కాలిబ్రేషన్‌తో చాలావరకు సర్దుకుంటుంది. నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోంది, రింగులో వాల్వ్ గైడ్లో అరిగాయి. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే హెడ్ గాస్కెట్ మీద అనుమానం పడాలి. ఆయిల్ పోసే మూత తీస్తే పొగ బుస్సుమని తన్నితే బోరు పని తప్పదు. లేత్ షాపులో బోరు కొట్టించి, క్రాంక్ గ్రైండింగ్ చేయించాలి. ఎంతవుతుందో ఇంజిన్ విప్పకముందే కచ్చితంగా చెప్పే మెకానిక్‌ను పెద్దగా నమ్మక్కర్లేదు. విప్పితే కానీ తెలియదు అన్నవాడే నిజం చెబుతున్నట్టు.

పాత మహీంద్రాల్లో రెండు డీజిల్ ఇంజిన్లు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి ప్యూజో డిజైన్‌తో వచ్చిన 2.1 లీటర్ల ఎక్స్‌డీపీ. రెండోది డీఐ అని పిలిచే 2.5 లీటర్ల ఇంజిన్. డీఐ ఇంజిన్ ఆ తర్వాత బొలెరో దాకా వచ్చింది కాబట్టి సామాన్లు దొరకడం సులువు. ప్యూజోకు వెతుక్కోవాలి. అందుకే ప్యూజో తీసేసి డీఐ పెట్టేయమని సలహా ఇస్తారు. మెకానిక్ కోణంలో అది తెలివైన సలహానే. కానీ ఆర్సీలో ఇంజిన్ నంబరు, హార్స్‌పవర్, సీసీ అన్నీ మారతాయి. పాత పెట్రోల్ జీపులకు 1980, 90ల్లోనే డీజిల్ ఇంజిన్ పెట్టించి ఆర్సీలో ఎక్కించనివాళ్లు ఎందరో. ఆ తప్పు ఇప్పుడు మనవడి నెత్తిన పడుతోంది. కాబట్టి ఉన్న ఇంజిన్‌నే బాగు చేయించడం ఖర్చెక్కువైనా కాగితాల పరంగా చవక.

బ్రేకులు, టైర్లు

పాత జీపుల్లో చాలావాటికి నాలుగు చక్రాలకూ కలిపి ఒకే బ్రేక్ లైను. ఒక్క చక్రం దగ్గర లీకైతే పెడల్ నేలకు తగులుతుంది, నాలుగు బ్రేకులూ పోతాయి. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, పైపులు ఈ బండ్లలో కొత్తవే వేయాలి. రబ్బరు కిట్ మార్చి సరిపెట్టుకోవడం ఇక్కడ పొదుపు కాదు.

టైరు గీతలు బాగున్నాయని పాత టైర్లతో నడపొద్దు. పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2318 అంటే 2018లో 23వ వారం తయారైందని. పదేళ్లుగా నిలబడి ఉన్న టైరు కొత్తదిలా కనిపించినా ఎండలో వేగంగా పోతే పగులుతుంది.

ఇక పెద్ద టైర్ల మోజు. 28 అంగుళాల ఎత్తు టైరు తీసి 31 అంగుళాలది పెడితే చక్రం ఒక్క చుట్టుకు దాదాపు 10 శాతం ఎక్కువ దూరం పోతుంది. మీటరు 40 చూపిస్తే బండి 44 మీద ఉంటుంది. ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్ మూలుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అదే బ్రేకు ఆ పెద్ద చక్రాన్ని ఆపడానికి ఎక్కువ కష్టపడాలి. దానికి తోడు షాకిల్స్ పొడవు పెంచి బండిని లేపితే బరువు కేంద్రం పైకి పోతుంది. మలుపులో పల్టీ కొట్టే ప్రమాదం పెరుగుతుంది. ముందు బిగించే లావు ఇనుప బుల్ బార్ల మీద చర్యలు తీసుకోవాలని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బ ఎదుటి మనిషికి ఎక్కువ తగులుతుంది, సొంత ఛాసిస్‌కు కూడా నేరుగా చేరుతుంది.

వెనక బెంచీలు వేస్తే?

పికప్ రిపేరు చేయించేటప్పుడు చాలామంది అడిగేది ఇదే. వెనక రెండు బెంచీలు, పైన రేకు. కూలీలను పొలానికి, చుట్టాలను జాతరకు తీసుకెళ్లొచ్చు కదా అని.

2022 మే 8న నిజాంసాగర్ మండలం హసన్‌పల్లి గేటు దగ్గర జరిగింది ఈ ప్రాంతంలో ఎవరూ మర్చిపోలేదు. ఎల్లారెడ్డిలో అంగడికి వెళ్లి తిరిగొస్తున్న వాళ్ల ట్రాలీ బండిని లారీ ఢీకొట్టింది. 9 మంది ప్రాణాలు కోల్పోయారు. అది మాడిఫై చేసిన పాత బండి కథ కాదు. కానీ సరుకు కోసం చేసిన ట్రాలీలో సీటు బెల్టు ఉండదు, తల దగ్గర రక్షణ ఉండదు, పట్టుకోవడానికి సరైన కమ్మీ ఉండదు. బెంచీ వేసినంత మాత్రాన అది మనుషుల బండి అయిపోదు. గూడ్స్ ఆర్సీ ఉన్న బండిలో ఎక్కిన ప్రయాణికులకు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ బాధ్యత కాదని వాదిస్తుంది, పరిహారం కోసం కుటుంబాలు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగాలి.

సొంత నష్టం క్లెయిమ్‌లోనూ అంతే. చెప్పకుండా చేసిన మార్పులు సర్వేయర్ కంట్లో పడితే క్లెయిమ్ తిరస్కరిస్తారు. ఇన్సూరెన్సే లేకుండా రోడ్డెక్కితే మొదటిసారి 2 వేలు, రెండోసారి 4 వేలు జరిమానా. మూడు నెలల జైలు శిక్షకూ అవకాశం ఉంది.

'వింటేజ్' నంబరు వస్తుందా?

పాతది కాబట్టి వింటేజ్ అని అందరూ అనుకుంటున్నారు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన రూల్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉండాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేలు, పదేళ్ల చెల్లుబాటు, ఆపై రెన్యువల్‌కు 5 వేలు. నంబరు ప్లేటులో వీఏ అక్షరాలు ఉంటాయి. అంటే 90ల నాటి కమాండర్‌కు, టాటా 207కు ఇంకా టైం ఉంది. ఇంకో షరతు, వింటేజ్ బండిని రోజువారీ తిప్పకూడదు, కిరాయికి అసలే వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేరు, డీజిల్ పోయించుకోవడం లాంటి వాటికే రోడ్డెక్కాలి. పొలానికి వెళ్లడానికి బండి కావాలనుకునేవాళ్లకు ఇది పనికొచ్చే దారి కాదు, మామూలు రెన్యువలే దిక్కు.

మరి సొంత బుర్రతో తయారు చేసిన బండి? 2021 చివర్లో మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో ఓ కమ్మరి తుక్కు సామాన్లతో, కిక్ కొడితే స్టార్టయ్యే చిన్న జీపు లాంటి బండి చేశాడు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. ఆనంద్ మహీంద్రా మెచ్చుకున్నారు. రూల్స్‌కు సరిపోదు కాబట్టి అధికారులు ఎప్పటికైనా ఆపేస్తారని, దానికి బదులు బొలెరో ఇస్తానని ప్రకటించి, 2022 జనవరిలో ఇచ్చారు కూడా. అందరికీ అలాంటి బదులు దొరకదు కదా!

చివరగా ఇన్‌స్పెక్షన్ రోజు

అన్నీ అయ్యాక బండిని ఎంవీఐ ముందు నిలబెట్టాలి. లైట్లు, ఇండికేటర్లు, హారన్, వైపర్, హ్యాండ్ బ్రేక్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ ఉన్నాయో లేదో చూసుకోవాలి. వైపర్ లాంటి చిన్న వస్తువు దగ్గర ఆగిపోయి మళ్లీ తేదీ తీసుకునేవాళ్లు చాలామంది. కొత్తగా బోరు చేయించిన ఇంజిన్ అయితే మొదటి కొన్ని వందల కిలోమీటర్లు లోడు వేయకుండా నెమ్మదిగా నడిపి, ఒకసారి ఆయిల్ మార్చి, హెడ్ బోల్టులు టైట్ చేయించాకే తీసుకెళ్లడం మేలు.

ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీస్తారు. ఆ అంకెలు స్పష్టంగా రావాలి. శాండ్ బ్లాస్టింగ్ చేసేవాడికి, లప్పం పెట్టేవాడికి, పెయింటర్‌కు ముగ్గురికీ ఆ జాగా ముందే చూపించి, దాని మీద ఓ టేపు ముక్క అంటించి రావాలి. నంబరు ఉన్న చోట పలచటి ప్రైమరు, ఒక కోటు రంగు చాలు. లప్పం అసలే వద్దు.